మన సెలవులు, నేపాల్ ఋతువులు

నేపాల్ వెళ్లాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగే మాట, "ఏ నెలలో వెళితే బాగుంటుంది?" జవాబు కూడా అంతే వేగంగా దొరుకుతుంది. అక్టోబరు, నవంబరు, కుదరకపోతే మార్చి, ఏప్రిల్. ట్రావెల్స్ వాళ్లు చెప్పేదీ ఇదే, వెళ్లొచ్చిన పక్కింటివాళ్లు చెప్పేదీ ఇదే. మాట తప్పు కాదు. కానీ ఎవరు వెళ్తున్నారో, దేనికోసం వెళ్తున్నారో, వాళ్లకి సెలవులు ఎప్పుడో అడగకుండా చెప్పిన జవాబు అది. డెబ్భై ఏళ్ల తల్లికి ముక్తినాథ్ దర్శనం చేయించాలనుకునే కొడుక్కీ, ఎవరెస్ట్ బేస్ క్యాంపు దాకా నడవాలని ఏడాదిగా డబ్బు కూడబెట్టుకుంటున్న అమ్మాయికీ, పిల్లలకి ఖడ్గమృగాన్ని చూపించాలనుకునే దంపతులకీ ఒకే నెల మంచిదెలా అవుతుంది?

నేపాల్‌లో పూర్తిగా పనికిరాని నెలంటూ లేదు. అన్నీ అమరే నెల కూడా లేదు. ప్రతి ఋతువూ ఏదో ఒకటి చూపిస్తుంది, ఏదో ఒకటి దాచేస్తుంది. అందుకని క్యాలెండర్ తీయడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది.

ముందు ఒక వాక్యం రాయండి

ప్రయాణం అనుకున్న రోజు రాత్రి భోజనాలయ్యాక, వెళ్లేవాళ్లందరినీ కూర్చోబెట్టండి. తలా ఒక కాగితం ఇచ్చి ఒకే ఒక్క వాక్యం రాయమనండి: ఏది చూడకుండా తిరిగొస్తే ఈ ప్రయాణం నాకు వెలితిగా మిగిలిపోతుంది? "హిమాలయాలు" అని రాస్తే ఒప్పుకోకండి. ఎక్కడి నుంచి చూడాలి, ఎంత దగ్గరగా చూడాలి? పోఖరాలో హోటల్ మేడమీద కుర్చీ వేసుకుని మచ్ఛపుచ్ఛరే శిఖరాన్ని చూస్తే చాలా? ఖాట్మండులో తెల్లవారగానే ఎక్కి గంటలో తిరిగొచ్చే మౌంటెన్ ఫ్లైట్ కిటికీలోంచి ఎవరెస్ట్‌ని చూస్తే తృప్తేనా? లేక ఆ మంచు కొండ పాదాల దాకా సొంత కాళ్ల మీద నడిచి వెళ్లాలా? ఈ మూడూ మూడు వేర్వేరు ప్రయాణాలు. వాటికి అనువైన నెలలూ వేరు.

అదే కాగితం వెనక రెండో వాక్యం రాయించండి: నేను దేన్ని ఓర్చుకోగలను? చలినా, రద్దీనా, వాననా, కొండల్ని కనబడనివ్వని పొగనా, విమానం కోసం ఎదురుచూపులనా? మొదటి ప్రశ్నకు మనవాళ్లు తడుముకోకుండా జవాబు చెబుతారు. రెండోది ఎవరూ ఎవరినీ అడగరు. కానీ మంచి ప్రయాణాలు పాడయ్యేది ఎక్కువగా ఈ రెండోదాని దగ్గరే. చలి అంటే భయపడే అత్తగారు డిసెంబరులో, జనం అంటే విసుక్కునే నాన్నగారు దసరాలో వెళితే, ఎంత గొప్ప శిఖరం ఎదురుగా ఉన్నా వాళ్ల మనసు హోటల్ గదిలోనే ఉంటుంది.

ఇంకొక సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. నేపాల్ దక్షిణం నుంచి ఉత్తరానికి సుమారు 200 కిలోమీటర్ల వెడల్పున్న దేశం. ఆ కొద్ది దూరంలోనే నేల తరాయి మైదానం నుంచి 8,848.86 మీటర్ల ఎవరెస్ట్ దాకా లేస్తుంది. బుద్ధుడు పుట్టిన లుంబిని సముద్రమట్టానికి 150 మీటర్ల ఎత్తులో ఉంది. పోఖరా 800 మీటర్ల పైన, ఖాట్మండు 1,400, ముక్తినాథ్ 3,700 దాటి ఉంటాయి. ఎత్తు వేయి మీటర్లు పెరిగితే సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. మే నెలలో లుంబినిలో ఎండకి తల తిరుగుతున్న రోజునే ముక్తినాథ్‌లో స్వెట్టర్ వేసుకుని తిరుగుతారు. కాబట్టి "నేపాల్‌లో మే ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్నకు అర్థం లేదు. "మేలో ముక్తినాథ్ ఎలా ఉంటుంది?" అని అడిగితే జవాబు ఉంది.

ఇప్పుడు మన సెలవుల దగ్గరికి వద్దాం. ఉద్యోగాలు, పిల్లల చదువులు ఉన్న తెలుగు కుటుంబానికి ఏడాదిలో దొరికే పెద్ద విరామాలు మూడు: దసరా, సంక్రాంతి, ఎండాకాలం. మూడూ నేపాల్‌లో మూడు రకాల కాలాల మీద పడతాయి.

దసరా తొందరగా వచ్చిందా, ఆలస్యంగా వచ్చిందా?

అక్టోబరుకు అంత పేరు ఎందుకొచ్చిందో చెప్పడం తేలిక. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసిన వాన గాలిలోని దుమ్మునంతా కడిగేస్తుంది. ఋతుపవనాలు వెనక్కి వెళ్లాక మబ్బులు తగ్గుతాయి, చలి ఇంకా ముదరదు, వరి పొలాలు పచ్చగానో పసుపుగానో ఉంటాయి. పోఖరాలో తెల్లవారుజామున సారంకోట్ కొండ మీద నిలబడితే ధవళగిరి నుంచి అన్నపూర్ణ శ్రేణి దాకా ఒకదాని తర్వాత ఒకటి శిఖరాలు వెలుగుతాయి. అక్టోబరు, నవంబరు దాటితే అంత స్పష్టమైన ఆకాశం ఇన్ని రోజులు వరసగా ఉండదు.

అయితే మన దసరా సెలవులు ఏ వారంలో పడతాయన్నది పంచాంగం చేతిలో ఉంది. నేపాల్ నుంచి నైరుతి ఋతుపవనాలు వెనుదిరగడానికి అక్కడి వాతావరణ శాఖ సగటు తేదీగా పెట్టుకున్నది అక్టోబరు 2. అది సగటు మాత్రమే. 2025లో విజయదశమి సరిగ్గా ఆ రోజే వచ్చింది. పండగ ముగిసీ ముగియకముందే, అక్టోబరు 4, 5 తేదీల్లో కురిసిన భారీ వానకు తూర్పు నేపాల్‌లోని ఇలాం జిల్లాలో కొండచరియలు విరిగిపడి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అంతకుముందు ఏడు, 2024లో, సెప్టెంబరు చివరి వారంలో వచ్చిన వరదలు ఖాట్మండు లోయను ముంచెత్తాయి. దేశం మొత్తం మీద రెండు వందల మందికి పైగా చనిపోయారు. వాన వెళ్లిపోయే ముందు కురిసే ఈ చివరి వానలు చాలా ప్రమాదకరమైనవి. నాలుగు నెలలుగా నీరు తాగి నానిన కొండ మీద అవి పడతాయి.

అందుకే దసరాకి వెళ్లాలనుకుంటే ముందు ఆ ఏడాది అధికమాసం ఉందో లేదో చూడండి. 2026లో అధిక జ్యేష్ఠం ఉండటంతో విజయదశమి అక్టోబరు 20న పడుతుంది. అలాంటి ఏడాది దసరా సెలవులు నేపాల్‌కి నిజంగా మంచివి. అక్టోబరు మొదటి రోజుల్లోనే పండగ వచ్చే ఏడాది మాత్రం కొండదారుల్లో రోడ్డు ప్రయాణం తగ్గించుకుని, ఖాట్మండు, భక్తపూర్, పాటన్ లాంటి లోయలోని ఊళ్లకు పరిమితం కావడం మేలు.

నేపాలీలకూ అదే పెద్ద పండగ. దశైఁ అంటారు. మనం తొమ్మిది రాత్రులు చేసుకునే పండగను వాళ్లు పౌర్ణమి దాకా పదిహేను రోజులు చేసుకుంటారు. ఖాట్మండులో ఉద్యోగాలు చేసుకునే లక్షల మంది ఆ వారంలో సొంత ఊళ్లకు వెళ్లిపోతారు. సప్తమి నుంచి చాలా దుకాణాలు మూసేస్తారు, బస్సుల్లో నిలబడే చోటుండదు. మీ గైడుకీ, మీ సామాను మోసే మనిషికీ విజయదశమి రోజు తల్లి చేత నుదుట టీకా పెట్టించుకోవాలని ఉంటుంది. వాళ్లని ఆ రోజున కొండ మీద ఉంచే ప్రయాణం పెట్టుకోకండి అని నేను ప్రత్యేకంగా కోరుతున్నాను. పండగ చూడాలనుకుంటే మాత్రం అంతకంటే మంచి సమయం లేదు. ఎత్తైన వెదురు బొంగులు కట్టి వేసే ఊయలలు, ఆకాశం నిండా గాలిపటాలు, బియ్యం, పెరుగు, సింధూరం కలిపి పెద్దలు నుదుటి నిండా పెట్టే టీకా, చెవి వెనక పెట్టుకునే బార్లీ మొలకలు ఇవన్నీ చూడొచ్చు. శిఖరాలే కావాలనుకుంటే విజయదశమి మర్నాడు దిగేలా టికెట్ కొనండి.

ఎవరెస్ట్ వైపు నడకకు వెళ్లేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. రద్దీ నెలల్లో, ఆ నడక మొదలయ్యే లుక్లాకి విమానాలు చాలావరకు ఖాట్మండు నుంచి కాకుండా రామేఛాప్ జిల్లాలోని మంథలి నుంచి ఎగురుతాయి. అక్కడికి రోడ్డు మీద నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి అర్ధరాత్రి దాటగానే బయల్దేరాలి. పాతికేళ్ల వాళ్లకు అది సరదా. అరవై దాటినవాళ్లకు మొదటి రోజే నిద్ర లేకపోవడం, ఆ వెంటనే 2,860 మీటర్ల ఎత్తులో దిగడం మంచిది కాదు.

మన సముద్రంలో పుట్టి వాళ్ల కొండ మీద కురిసిన మంచు

అక్టోబరు మంచి నెల అన్న నమ్మకానికి ఎంత బలం ఉందో, ఎక్కడ బలం లేదో ఒక్క ఘటన చెబుతుంది. దాన్ని తెలుగువాళ్లకు వివరించి చెప్పాల్సిన అవసరం సగమే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రోజు విశాఖలో చెట్టు మిగల్లేదు, కరెంటు లేదు, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. మనకు ఆ కథ అక్కడితో ఆగుతుంది. తుఫాను అక్కడ ఆగలేదు. బలం తగ్గుతూ ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా ఉత్తరానికి ప్రయాణించి, రెండు రోజుల తర్వాత హిమాలయాలను ఢీకొంది. అది మోసుకెళ్లిన బంగాళాఖాతపు తేమ అంతా అక్టోబరు 14న అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల్లో మంచుగా కురిసింది. అన్నపూర్ణ చుట్టూ నడిచే దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు థొరాంగ్ లా కనుమ. ఎత్తు 5,416 మీటర్లు. అది సీజన్ నడిబొడ్డు కాబట్టి ఆ ఉదయం వందల మంది ఆ కనుమ దాటుతున్నారు. గంటల్లో మనిషి ఎత్తు మంచు పేరుకుంది. నేపాలీలు, విదేశీయులు కలిపి ఆ తుఫానులో నలభై మందికి పైగా చనిపోయారు. దారి మధ్యలో చిన్న టీ దుకాణం దగ్గర ఆగినవాళ్లలో కొందరు, ఎలాగైనా ముక్తినాథ్ వైపు దిగిపోదామని మంచులోకి నడిచారు.

అక్టోబరును తప్పించుకోమని దీనికి అర్థం కాదు. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుఫానుల కాలం. అదే నెలల్లో నేపాల్‌లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి అది ఉత్తరానికి తిరిగే సూచన ఉంటే, తీరం దాటిన రెండు మూడు రోజులకు నేపాల్ కొండల మీద మంచు పడవచ్చు. ఈ లెక్క మనవాళ్లకు తేలిగ్గా అందుతుంది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో మన ఇంట్లో టీవీ చెబుతూనే ఉంటుంది. కొండ మీదున్న కూతురికి ఇంటి నుంచి ఫోన్ చేసి "ఇక్కడ వాయుగుండం ఉందటమ్మా, రెండు రోజులు కిందనే ఆగు" అని చెప్పడం మనం చేయగలిగిన పని. ఆమె ఆగాలంటే ఆమె దగ్గర రెండు రోజులు మిగులు ఉండాలి. తిరుగు టికెట్ గట్టిగా బిగించుకుని వెళ్లినవాళ్లే ఇలాంటప్పుడు ముందుకు నడుస్తారు.

సెలవులతో పని లేని వాళ్లను, అంటే రిటైరైన దంపతుల్ని, పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన వాళ్లను, నేను దీపావళి వెళ్లిన తర్వాతి మూడు వారాలకు పంపిస్తాను. నా దృష్టిలో నేపాల్‌లో ఏడాది మొత్తంలో మేలైన రోజులు అవి. రద్దీ పలచబడుతుంది, గదులు దొరుకుతాయి, ఆకాశం అక్టోబరు కంటే కూడా శుభ్రంగా ఉంటుంది. పొద్దున, రాత్రి చలి ఉంటుంది. పగలు ఎండ హాయిగా ఉంటుంది. ఒకవేళ దీపావళి నాటికే చేరితే ఇంకా మంచిది. తిహార్ అని వాళ్లు అయిదు రోజులు చేస్తారు. ఒక రోజు కాకికి, ఒక రోజు కుక్కకు, ఒక రోజు ఆవుకు పూజ. వీధి కుక్కల మెడల్లో బంతిపూల దండలు ఆ ఒక్క రోజే కనబడతాయి.

సంక్రాంతికి వెళితే

జనవరిలో నేపాల్ అనగానే వద్దు, గడ్డకట్టిపోతాం అంటారు. ఎత్తైన దారులకు ఆ మాట నిజం. థొరాంగ్ లా లాంటి కనుమలు మంచుతో మూసుకుపోతాయి, పై ఊళ్లలో చాలామంది ఇళ్లకు తాళం వేసి కిందికి దిగిపోతారు. ముక్తినాథ్‌లో గుడి వెనక వరసగా పారే 108 ధారల కింద తల తడుపుకోవడం వైష్ణవులకు ఎంతో పుణ్యం. నూట ఎనిమిది దివ్యదేశాల్లో అదొకటి. అయితే జనవరి చలిలో పెద్దవాళ్లు ఆ ధారల కింద నడవడాన్ని నేను ఒప్పుకోను. భక్తి మీద గౌరవంతోనే ఈ మాట చెబుతున్నాను.

కానీ నేపాల్ అంటే ఎత్తు దారులే కాదు కదా. ఖాట్మండులో జనవరి పగలు పద్దెనిమిది డిగ్రీల దాకా ఎండ కాస్తుంది, తెల్లవారుజామున రెండు మూడు డిగ్రీలకు పడిపోతుంది. అసలు బాధ బయట చలి కాదు, లోపల చలి. అక్కడ మామూలు ఇళ్లలో, చిన్న హోటళ్లలో గది వెచ్చబెట్టే ఏర్పాటు ఉండదు. గది తీసుకునేటప్పుడు హీటర్ ఉందా, వేడినీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి అన్న రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. పోఖరా కాస్త పల్లంలో ఉంది కాబట్టి అక్కడ చలి ఓర్చుకోవచ్చు, శిఖరాలూ బాగా కనబడతాయి.

లుంబినికి మాత్రం జనవరి అన్యాయం చేస్తుంది. తరాయి మైదానం మీద డిసెంబరు చివరి నుంచి జనవరి నెలంతా దట్టమైన పొగమంచు పరుచుకుంటుంది. కొన్నిసార్లు రోజుల తరబడి సూర్యుడు కనబడడు. మన వైపు నుంచి గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి సునౌలీ దగ్గర సరిహద్దు దాటడం చాలామందికి అలవాటు. పొగమంచు కాలంలో ఆ రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి. సంక్రాంతి సెలవుల్లో ఒక రోజు రైల్లోనే పోతే మిగిలేది ఎంత? ఆ కాలంలో విమానంలో నేరుగా ఖాట్మండు వెళ్లడం మంచిది. అక్కడా పొద్దున పొగమంచు వల్ల విమానాలు ఆలస్యమవుతాయి, కాబట్టి మధ్యాహ్నం దిగే విమానం చూసుకోండి.

మకర సంక్రాంతి వాళ్లకూ ఆ రోజే. మాఘే సంక్రాంతి అంటారు. నువ్వుల ఉండలు, నెయ్యి, చెరుకు పాకం గట్టిపరిచి చేసే చాకు, ఉడికించిన కంద లాంటి దుంపలు తింటారు. నువ్వులూ బెల్లమూ తినే మన సంక్రాంతికి అది దూరం కాదు. చిత్వన్ దగ్గర దేవ్‌ఘాట్ సంగమంలో ఆ రోజు స్నానాలకు జనం పోటెత్తుతారు.

చిత్వన్ మాట వచ్చింది కాబట్టి పిల్లలున్న వాళ్లకు ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి. 2021 లెక్కల్లో నేపాల్‌లో 752 ఒంటికొమ్ము ఖడ్గమృగాలు ఉంటే, వాటిలో 694 చిత్వన్ జాతీయ పార్కులోనే ఉన్నాయి. అందరూ మెచ్చుకునే అక్టోబరులో వెళితే వాటిని చూడటం కష్టం. వానాకాలంలో ఏపుగా పెరిగిన గడ్డి అప్పటికి మనిషి తలను దాటి ఉంటుంది. పది అడుగుల దూరంలో ఖడ్గమృగం నిలబడినా తెలియదు. చలికాలంలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లను లోపలికి రానిచ్చి ఇళ్ల కప్పులకు గడ్డి కోసుకోనిస్తారు, మిగిలింది కాలుస్తారు. ఆ తర్వాత లేత గడ్డి మొలిచే ఫిబ్రవరి, మార్చి నెలల్లో జంతువులు మేతకు ఆరుబయటికి వస్తాయి. అంటే చిత్వన్ కోసమే అయితే సంక్రాంతి కూడా కాస్త తొందరే. మహాశివరాత్రి దగ్గర్లో వెళితే అడవీ దక్కుతుంది, ఆ రాత్రి పశుపతినాథ్‌లో ధుని వెలిగించుకుని కూర్చున్న సాధువులూ కనబడతారు. గుడిలో దర్శనానికి మాత్రం గంటలు గంటలు క్యూలో నిలబడే ఓపిక ఉండాలి.

ఎండాకాలం సెలవులు

మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం మధ్యలోనే. ఇక్కడి ఎండ తప్పించుకోవడానికి చల్లటి దేశం అనుకుని వెళ్తారు. ఎక్కువ నిరాశ పడేది కూడా ఈ కాలంలోనే. కారణం పొగ. మార్చి, ఏప్రిల్‌లలో వాన తక్కువ, అడవులు ఎండిపోయి అంటుకుంటాయి, పొలాల్లో గడ్డి కాలుస్తారు, మైదానాల దుమ్ము కూడా తోడవుతుంది. 2021 మార్చి చివర్లో గాలి ఎంత పాడైందంటే నేపాల్ ప్రభుత్వం నాలుగు రోజులు బడులు మూసేసింది. అలాంటి రోజున పోఖరాలో ఫేవా సరస్సు ఒడ్డున నిలబడితే ఎదురుగా ఉండాల్సిన 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛరే శిఖరం స్థానంలో బూడిదరంగు ఆకాశం తప్ప ఏమీ ఉండదు. పిల్లలు "కొండలేవి?" అని అడుగుతారు.

మరి మార్చి, ఏప్రిల్ నడకకు మంచివని ఎందుకంటారు? పైకి వెళ్లేవాళ్లు ఆ పొగ పొరను దాటి పైకి చేరతారు కాబట్టి. మూడు వేల మీటర్ల పైన పొద్దుటి పూట ఆకాశం శుభ్రంగానే ఉంటుంది. దారిలో ఘోరేపానీ అడవుల్లో లాలీ గురాఁస్ చెట్లు, నేపాల్ జాతీయ పుష్పం, మార్చి, ఏప్రిల్‌లలో ఎర్రగా విరగబూస్తాయి. అంటే పోఖరాలో కూర్చునేవాళ్లకు చెడ్డ నెల అయినదే, నడిచేవాళ్లకు మంచి నెల.

మేలో పరిస్థితి మారుతుంది. మధ్యాహ్నాలు ఉరుములు, వడగళ్లు మొదలవుతాయి. ఒక్క వాన పడితే మర్నాడు పొద్దున పొగ విడిపోతుంది, శిఖరం రెండు గంటలు కనబడి మళ్లీ మబ్బులోకి వెళ్లిపోతుంది. తెల్లవారుజామున లేచే అలవాటున్న కుటుంబానికి మే బాగానే ఉంటుంది. ఎనిమిదింటికి లేచి కాఫీ తాగి బయటికొచ్చేవాళ్లకు బాగుండదు.

ఎవరెస్ట్ ఎక్కేవాళ్ల నెల కూడా ఇదే. చలికాలమంతా ఆ శిఖరాన్ని కొట్టే జెట్ స్ట్రీమ్ గాలులు ఋతుపవనాలు రావడానికి ముందు ఉత్తరానికి జరుగుతాయి. మే రెండో భాగంలో కొద్ది రోజులు గాలి నెమ్మదిస్తుంది. టెన్జింగ్, హిల్లరీ 1953 మే 29న ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎక్కింది 2014 మే 25న. బేస్ క్యాంపులో పసుపు పచ్చని గుడారాల ఊరు వెలసి ఉండగా చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లోనే వెళ్లాలి. అక్టోబరులో వెళ్లేవాళ్లకు అక్కడ దాదాపు రాళ్లూ మంచే కనబడతాయి. బేస్ క్యాంపు నుంచి ఎవరెస్ట్ శిఖరం కనబడదని కూడా ముందే తెలుసుకోండి. దానికి పక్కనున్న కాలాపత్థర్ ఎక్కాలి.

ముక్తినాథ్‌కి మే మంచి నెల. రోడ్లు పొడిగా ఉంటాయి, చలి ఓర్చుకునేలా ఉంటుంది. అక్కడ చూసుకోవాల్సింది గాలి. ధవళగిరి, అన్నపూర్ణల మధ్య కాలీగండకీ నది కోసుకున్న లోతైన లోయలోంచి, పొద్దెక్కి టిబెట్ పీఠభూమి వేడెక్కేకొద్దీ కింది గాలి పైకి దూసుకొస్తుంది. పదీ పదకొండు దాటాక, ముక్తినాథ్‌కి దిగువన విమానాలు దిగే ఊరు జొమ్‌సోమ్‌లో నిలబడటమే కష్టం. అందుకే పోఖరా నుంచి జొమ్‌సోమ్‌కి విమానాలు పొద్దున పూటే. పొద్దుట మబ్బు వల్ల ఆగితే, మధ్యాహ్నం గాలి వల్ల ఇక కదలవు. ఆ రోజుకి అంతే.

పోఖరా నుంచి ఒకే రోజులో అంత ఎత్తుకు వెళ్లి దర్శనం చేసుకోవడం ఏ నెలలోనైనా పెద్దవాళ్లకు ప్రమాదమే. మంచి ఋతువు ఎత్తును తగ్గించదు. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టరును అడిగే వెళ్లాలి. జొమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆగి, మర్నాడు పైకి వెళ్లి, చీకటి పడేలోగా కిందికి వచ్చేయడం మంచిది.

వానలో

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా ఏడాది వానలో నూటికి ఎనభై పాళ్లు కురుస్తుంది. పోఖరా పక్కనే ఉన్న లుమ్లేలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. అవే కొండల వెనక, వర్షచ్ఛాయలో ఉన్న జొమ్‌సోమ్‌లో పడేది మన అనంతపురంలో పడేదాంట్లో సుమారు సగం. ఇది చదివి చాలామంది వానాకాలంలో జొమ్‌సోమ్ ఉన్న ముస్తాంగ్ జిల్లాకు వెళ్లొచ్చని అనుకుంటారు. ముస్తాంగ్ నిజంగానే పొడిగా, అందంగా ఉంటుంది. కానీ అక్కడికి చేరే దారి తడిసిన కొండల్లోంచే వెళుతుంది. పోఖరా నుంచి బేనీ మీదుగా వెళ్లే రోడ్డు చరియలు విరిగి మూసుకుపోవచ్చు, పోఖరా మబ్బులో విమానం లేవకపోవచ్చు.

వానాకాలంలో నేపాల్ కొండరోడ్డు మీద రాత్రి బస్సు ఎక్కవద్దు. ఈ ఒక్క మాట నేను అందరితోనూ గట్టిగా చెబుతాను. 2024 జూలై 12 తెల్లవారుజామున చిత్వన్ జిల్లా సిమల్‌తాల్ దగ్గర చరియ విరిగిపడి రెండు బస్సులు అరవై మందికి పైగా ప్రయాణికులతో త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. ఆ దారి ఖాట్మండుకు ముఖ్యమైన దారి. మన యాత్రికులూ తిరిగేదే.

కైలాస మానససరోవరానికి నేపాల్ మీదుగా వెళ్లేవాళ్లకు వానాకాలాన్ని తప్పించుకోవడం కష్టం. ఆ యాత్ర ఎక్కువగా నడిచేది ఈ నెలల్లోనే. 2018 జూలై మొదట్లో వాతావరణం బాగాలేక ఆ యాత్ర దారిలోని సిమికోట్, హిల్సాలలో వెయ్యి మందికి పైగా భారతీయ యాత్రికులు చిక్కుకుపోయారు. మన రాష్ట్రాల వాళ్లూ వారిలో ఉన్నారు. అక్కడ మందులు, వెచ్చని బట్టలు, తిండి అన్నీ కొద్దిగానే ఉంటాయి. రోజూ వేసుకునే మాత్రలు వారానికి సరిపడా ఎక్కువ పెట్టుకోండి. చేతి సంచిలోనే పెట్టుకోండి.

ఖాట్మండు లోయ వరకే అయితే వానలోనూ వెళ్లవచ్చు. వాన ఎక్కువగా రాత్రిళ్లూ సాయంత్రాలూ పడుతుంది, పగలు తెరిపి ఉంటుంది. జూన్ చివర్లో, వాళ్ల ఆషాఢం పదిహేనో రోజున, ఊరూరా పొలాల్లోకి దిగి నాట్లు వేస్తూ పాడతారు. పెరుగు అటుకులు తింటారు. మన వినాయక చవితికి ముందు రోజు తీజ్. ఆ రోజు పశుపతినాథ్ చుట్టూ వేల మంది ఆడవాళ్లు ఎర్ర చీరల్లో ఉపవాసంతో వచ్చి నాట్యం చేస్తారు. శిఖరాల మీద ఆశ వదులుకుని వెళ్లగలిగితే అది గొప్ప ప్రయాణం.

మిగులు రోజులు ఎక్కడ పెట్టాలి

ఏ నెల ఎంచుకున్నా ప్లాను వేసే వరసను మార్చండి. మనవాళ్లు ఖాట్మండు దిగగానే పశుపతినాథ్, బూఢానీలకంఠ, స్వయంభూ చూసేసి, తర్వాత కొండల వైపు వెళ్లి, కొండ దిగిన మర్నాడే హైదరాబాద్ విమానం పెట్టుకుంటారు. దీన్ని తిరగేయండి. కొండల ప్రయాణం ముందు, ఖాట్మండు చివర. జొమ్‌సోమ్ విమానం ఒక రోజు ఆగితే ఖాట్మండులో ఒక గుడి తగ్గుతుంది తప్ప ఇంటికెళ్లే టికెట్ పోదు. జొమ్‌సోమ్‌కి ఒక రోజు, లుక్లాకి కనీసం రెండు రోజులు మిగులు పెట్టండి. ఆ రోజులు వాడుకోవాల్సిన అవసరం రాకపోతే భక్తపూర్ వీధుల్లో గడపండి. ఆ ఊరికి రెండు రోజులు ఎక్కువేమీ కాదు.

ఇక ఆ కాగితాల దగ్గరికి. అందరి వాక్యాలూ ఒకే నెలలో ఇమడవు. అమ్మ ముక్తినాథ్ రాసింది, పిల్లలు ఖడ్గమృగం రాశారు, మీరు పోఖరా నుంచి శిఖరాలు రాశారు అనుకుందాం. మూడూ ఒకే వారంలో కుక్కే ప్యాకేజీ ఎవరైనా అమ్ముతారు. కొనకండి. రెండు ప్రయాణాలుగా విడదీయండి. ముక్తినాథ్, పోఖరా కలిపి ఒకటి: దసరా ఆలస్యంగా వచ్చే ఏడాదైతే పండగ మర్నాటి నుంచి, లేదా నవంబరులో. చిత్వన్, ఖాట్మండు కలిపి ఇంకొకటి: ఫిబ్రవరి చివర్లో, పిల్లలకు పరీక్షలు లేని ఏడాది చూసుకుని. మొదట అమ్మది పెట్టండి. 3,700 మీటర్ల ఎత్తు ఆమె ఊపిరికి ఏటేటా కష్టమవుతుంది. చిత్వన్‌కి పిల్లలు రెండేళ్ల తర్వాతైనా వెళ్లవచ్చు.